రెండో పిలుపు లేని పేట

డర్హమ్‌లోని నల్లజాతీయుల పాత పేట గురించి లైబ్రరీ పుస్తకంలో చదివాక, ఒక శనివారం మేముండే మోరిస్‌విల్ నుంచి నా రూమ్‌మేట్‌తో కలిసి వెళ్లాను. ఒకప్పుడు దుకాణాలతో, సినిమా హాలుతో కళకళలాడిన వీధి అది. ఇళ్లూ దుకాణాలూ కూల్చేసి దాని మీదుగా ఫ్రీవే వేశారు. ఏది ఎక్కడుండేదో అక్కడ పెరిగినవాళ్ల నోట వినాలని నా కోరిక.

కారు ఆపి నడక మొదలుపెట్టాం. ఇటుకల చర్చి ఆవరణలో చేపలు వేయిస్తున్నారు. వడ్డిస్తున్న పెద్దావిడ నాకు ప్లేటు అందించబోయింది.

"రా బేబీ, కూర్చుని తిను."

"నో, థాంక్యూ" అన్నాను. నిజానికి ఆకలి దంచేస్తోంది. కానీ మా ఇళ్లలో మొదటి పిలుపుకే ఎవరూ కూర్చోరు. వద్దంటాం, మళ్లీ పిలుస్తారు, అప్పుడు కూర్చుంటాం. ఆవిడ "సరే, హనీ" అని ఆ ప్లేటు నా వెనకున్న ఆయనకు ఇచ్చేసింది.

రూమ్‌మేట్ పగలబడి నవ్వింది. "నీ మొహమాటం పాడుగాను! బతిమాలనీకి ఆమేమన్న మీ మేనత్తానే?"

వీధి చివరిదాకా వెళ్లాం. అక్కడ గడ్డి మొలిచిన గట్టు, దాని మీద ఫ్రీవే. పుస్తకంలోని పాత ఫొటోను ఫోన్‌లో తెరిచి ఎటు తిప్పి చూసినా ఏదీ పోల్చుకోలేకపోయాను. వెనక్కి తిరిగాను.

"ఎటు పోతున్నవే?"

"తినడానికి. ఈసారి నేనే అడుగుతా."

నేరుగా ఆవిడ దగ్గరికి వెళ్లి చెప్పాను. "ఇందాక ఊరికే వద్దన్నాను. మావాళ్లలో మొదటిసారి వద్దనడం మర్యాద. నాకు ఆకలిగా ఉంది. మీ పక్కన కూర్చుని ఈ వీధి గురించి వినాలనీ ఉంది."

ఆవిడ బల్ల చుట్టూ ఉన్న ఆడవాళ్లవైపు తిరిగింది. "విన్నారా? ఈ పిల్లను రెండుసార్లు పిలవాలట! ఇంకా నయం, చేప చల్లారకముందే వచ్చింది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వి ప్లేటు అందుకుని కూర్చున్నాను, నా పక్కన రూమ్‌మేట్.

ఫ్రీవే ఉన్నచోట ఏముండేదని అడిగాను. ఆవిడ చేతులు తుడుచుకుని బల్ల మీద వీధిని పేర్చడం మొదలుపెట్టింది. కారం సాస్ సీసా సినిమా హాలు. ఉప్పు డబ్బా మంగలి షాపు. "కాదు, టైలర్ తర్వాత" అంటూ పక్కావిడ డబ్బాను జరిపింది. కాసేపు ఇద్దరూ వాదించుకున్నారు. చివరికి పెద్దావిడ నా ప్లేటు అంచు మీద వేలు పెట్టింది.

"ఇక్కడ మా ఇల్లు."

నేను ప్లేటు పక్కకు జరపబోయాను.

"ఉండనీ" అంది, ఇంకో చేప ముక్క వడ్డిస్తూ. "మా ఇంట్లోనే తిను."