పారబోసిన కడవ

నా చిన్నప్పుడు ఒక్క చెంబు నీళ్లు తాగినందుకు పోయినవేమిటో ముందు లెక్క చెబుతాను. ఒక పలక. ఒక కడవ నీళ్లు. నాలుగో తరగతి. మా నాయన చేస్తున్న జీతం పని. అన్నిటికన్నా పెద్దది, నా మాట. శివరాత్రికి ముందు పోయిన మాట విత్తనాల కాలం దాకా తిరిగి రాలేదు.

మాది అనంతపురం జిల్లా గార్లదిన్నె నుంచి లోపలికి పోతే వచ్చే ఊరు. ఆ ఏడు వాన లేక చలికాలంలోనే బావులు అడుగంటాయి. బడిలో ఒకటే కడవ. మా వీధి పిల్లలు దాన్ని తాకకూడదు. అందరూ తాగాక మేము దోసిలి పట్టాలి, వేరే పిల్లవాడు పైనుంచి పోయాలి. ఆ రోజు కడవలో ఎన్ని చెంబుల నీళ్లున్నాయో, నా ముందు ఎంతమంది ఉన్నారో చూసి లెక్క వేసుకున్నాను. నా వంతుకు మిగలవు. అందుకే నేనే ముంచుకుని తాగాను. లెక్కలో తప్పు లేదు.

అయ్యవారు నా పలకతోనే నా చేతి మీద కొట్టాడు. పలక పగిలింది. అంతటితో ఆగలేదు. అంత కరువులో, అంత దూరం నుంచి మోసుకొచ్చిన కడవను అందరి ముందూ మట్టిలో పారబోసి, "ఈ పొద్దు మీకెవురికీ నీళ్లు లేవు. ఎందుకో వీన్ని అడగండి" అన్నాడు. పిల్లలంతా నా వైపు తిరిగారు. జవాబు చెప్పబోతే నోట్లోంచి ఏమీ రాలేదు.

మా నాయన అయ్యవారిని అడగడానికి పోయాడు. ఆయన జీతం ఉన్నది అయ్యవారి అన్న పొలంలోనే. మర్నాటి నుంచి పనికి రావద్దన్నారు. మాట లేని నేను ఆ ఏడు నాలుగో తరగతి తప్పాను.

నాకు తాయెత్తు కట్టించారు. మా అవ్వ చర్చిలో ప్రార్థన చేయించింది. చివరికి అనంతపురంలో ఒక డాక్టరు టార్చి వేసి గొంతు చూశాడు. గొంతు బాగానే ఉందనీ, ఇది మొండితనమనీ, రెండు తగిలిస్తే మాట అదే వస్తుందనీ చెప్పి ఫీజు తీసుకున్నాడు. వీడికి ఏం జరిగిందని అడగలేదు. నా చేతి మీది మచ్చ ఆ టార్చి వెలుతురులోనే ఉంది.

వేసవి చివర్లో మా పక్కింటి పెద్దమ్మ నన్ను తనతో బుడ్డలు వలిచే ఆడవాళ్ల దగ్గరికి తీసుకుపోయింది. వేరుశెనగ కాయలను మా వైపు బుడ్డలంటాం. విత్తనం కాయను చేత్తోనే వలవాలి. మర కొడితే పప్పు చీలుతుంది, చీలిన పప్పు మొలవదు. పెద్దమ్మ కాయ ముక్కు మీద బొటనవేలితో ఒత్తితే పప్పు పొర కూడా చెదరకుండా బయటికొచ్చేది. నన్ను మాట్లాడమని అందరూ వేధించేవాళ్లు. ఆమె మాత్రం, "నువ్వు పలకొద్దులేప్పా. చేతులు ఆడించు, నేను చెప్తాండా" అన్నది.

ఆమె చెప్పింది తన వయసు కాలం సంగతి. రోడ్డు మీది టీ హోటల్లో మావాళ్లకు వేరే గ్లాసులు ఉండేవట. తాగి, కడిగి, బయట గుంజ దగ్గర బోర్లించి పోవాలి. ఒకరోజు పెద్దమ్మ, ఆమె చెల్లెలితో కలిపి ఏడుగురు కూలి ఆడవాళ్లు లోపలికి పోయి, బెంచీ మీద కూర్చుని, అందరి గ్లాసుల్లోనే టీ అడిగారు. హోటలాయన పొయ్యి ఆర్పేశాడు. ఊళ్లో ఎవరూ వీళ్లను పనికి పిలవలేదు. అయినా రోజూ పోయి కూర్చున్నారు. పెద్దమ్మ చెల్లెలిని జుట్టు పట్టి ఈడ్చారు. మర్నాడు ఆమే అందరికన్నా ముందు పోయి కూర్చుంది. చివరికి గుంజ దగ్గరి గ్లాసులు పోయాయి.

"మేమేమన్నా ధైర్యవంతులమా? నా కాళ్లు వణుకుతాండె. వణుకుతానే కూచుంటిమి" అనేది.

ఆ సంగతే మళ్లీ మళ్లీ చెప్పేది. ఒకరోజు ఏడుగురు ఆరుగురయ్యారు. మర్నాడు ఐదుగురే అన్నది. ఈడ్చబడిన చెల్లెలి ఊసే ఎత్తలేదు. నాకు ఒళ్లు మండింది.

"ఏడు. మీ చెల్లెలు యాడ పోయె?" అన్నాను.

వలిచే చేతులన్నీ ఆగాయి. పెద్దమ్మవి ఆగలేదు. "అవునప్పా, ఏడే. ఒకర్ని ఇడ్చిపెడితే లెక్క చెడుతుంది. ఇంగ నీది చెప్పు. ఎవురినీ ఇడ్చిపెట్టాకు" అన్నది.

చెప్పాను. ఎవరు కొట్టారో, ఎవరు నవ్వారో, నీళ్లు ఏ దిక్కుకు పారాయో. ఏడుస్తూనే చెప్పాను. ఎవరూ ఊరుకోమనలేదు. బడి తెరిచిన రోజు బుడ్డలు వలిచే ఆ ఆడవాళ్లంతా నా వెంట వచ్చారు. పెద్దమ్మ కడవలో చెంబు ముంచి తాను తాగి, మళ్లీ ముంచి నాకిచ్చింది. "పారబోస్తావా అయ్యవారా? పారబొయ్. తెచ్చేది ఈసారి నువ్వే" అన్నది. ఆయన కడవను ముట్టలేదు. నేను వణుకుతూనే తాగాను.

ఏడుగురి లెక్క ఎందుకు తప్పావని చాలా ఏళ్ల తర్వాత పెద్దమ్మను అడిగాను. "కొలత వేసి కూలి తీసుకునేదాన్ని, ఏడు రాదా నాకు?" అని నవ్వింది.

మొన్న మా అన్న కూతురు కాలేజీ హాస్టల్ నుంచి మాట మానేసి ఇంటికొచ్చింది. మనసు డాక్టరు దగ్గరికి నేనే తీసుకుపోయాను. నిద్ర, తిండి, ఫోను, పరీక్షలు, అన్నీ అడిగి, పరీక్షల భయమని మాత్రలు రాశాడు. హాస్టల్లో ఎవరేమన్నారని అడగలేదు. ఇంటికొచ్చాక ఆ పిల్లకు ఏడుగురి సంగతి చెప్పాను, నా కడవ సంగతి కూడా చెప్పాను. అప్పుడు "చిన్నాయనా, నా కంచం వేరే పెట్టినారు" అన్నది. వచ్చే వారం ఇద్దరం ఆ హాస్టల్‌కు పోతున్నాం. నా కాళ్లు ఇప్పుడే వణుకుతున్నాయి.

పోయినవాటిలో నా మాట తిరిగొచ్చింది. నాలుగో తరగతి మళ్లీ చదివాను. మా నాయన వేరే పని చూసుకున్నాడు. అవన్నీ లెక్కలోంచి కొట్టేశాను. నయం చేస్తామని కూర్చున్నవాళ్లు అడగాల్సిన మాట ఒకటుంది: నీకు ఎవరు, ఏం చేశారు? నన్ను అడగని ఆ మాట ఇన్నేళ్లు వాళ్లు నాకు పడ్డ బాకీగా ఒక్కటే ఉండేది. ఇప్పుడు ఆ పిల్లను అడగనిదీ కలిసింది. రెండు.