ఏ బండిలోనూ లేని పిన్ని

మొన్న తిరుపతి పోయే దారిలో, వ్యాను వెనక సీట్లోంచి నిమ్మకాయ వాసన వచ్చింది. మా అక్క కూతురికి కడుపులో తిప్పుతోందంటే ఎవరో నిమ్మకాయను గోరుతో గీరి ముక్కు దగ్గర పెట్టారు. మిగతావాళ్ళకు అది వాంతిని ఆపే వాసన. నాకు మాత్రం అది, చిన్నప్పుడు మాకు అలాగే నిమ్మకాయ గీరి పెట్టిన రమణి పిన్ని. మనిషిని వాంతితో గుర్తుచేసుకోవడం మర్యాద కాదేమో గానీ, వింటే అందరికంటే ముందు నవ్వేది ఆవిడే.

రమణి పిన్ని మా అమ్మకు చెల్లెలు. మద్రాసు పారిస్ కార్నర్‌లో ఒక ఆఫీసులో టైపిస్టు. వాషర్‌మెన్‌పేట్‌లో మా ఇంట్లోనే ఉండేది. పెళ్ళి ఎందుకు చేసుకోలేదన్నదానికి చుట్టాలు తలా ఒక విషాద కథ చెప్పేవారు. ఆవిడను అడిగితే "తీరిక లేక" అనేది. తొంభైల్లో ఏటా వేసవి సెలవుల్లో మావాళ్ళు రెండు వ్యాన్లు మాట్లాడుకుని తిరుపతి పోయేవాళ్ళు. ఒకటి మాది, ఒకటి అమ్మవాళ్ళ అన్న, మా పెద్దమామది. రెండింటిలోనూ పిల్లలు కిక్కిరిసి ఉండేవాళ్ళు. పిల్లల్ని ఊరుకోబెట్టగలిగిన మనిషి మాత్రం ఒక్కతే. అందుకని ఇంట్లో ఒక ఏర్పాటు ఉండేది: ఊత్తుకోట దాకా పిన్ని మా వ్యానులో, అక్కడ టిఫినుకు ఆగాక మామ వ్యానులో. ఈ పంపకం మీద పెద్దవాళ్ళు వాదించుకునేవాళ్ళు గానీ, ఆవిడకు ఏ వ్యాను ఇష్టమో ఎవరూ అడిగినట్టు నాకు గుర్తులేదు.

పిన్ని కథలు చెప్పేది కాదు, పాటలు పాడించేది కాదు. ఆవిడకు ఉన్నదొకటే చట్టం: ఏడవదలచినవాళ్ళు ముందు వార్తలు చదివి, తర్వాత ఏడవాలి. గొట్టంలా చుట్టిన పాత పేపరే మైకు. ఒకసారి మా తమ్ముడు చిన్నా గొంతు చించుకుని అరుస్తుంటే ఆ మైకు వాడి నోటి ముందు పెట్టింది.

"సుమ్మా ఊరికే అరిస్తే ఎవురికి అర్థమవుతుంది నాయనా? ఏడ జరిగింది, ఎవురు చేసినారు, చెప్పు."

"రెడ్ హిల్స్ కాడ..." వాడు ఎక్కిళ్ళు మింగుతూ చదివాడు, "అక్క నా కాలు తొక్కింది."

"ఎవురికైనా దెబ్బలు తగిలినాయా?"

వాడు కాలు అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. "లేదు."

"సరే, ఇంక ఏడువు."

వాడికి ఏడుపు రాలేదు. స్థలం, కారణం, నష్టం చెప్పమంటే ఎంత దుఃఖమైనా సగానికి దిగుతుందని నాకు అప్పుడే అర్థమైంది. ఇప్పటికీ స్నేహితులెవరైనా ప్రేమ విఫలమైందని వస్తే, ముందు ఎక్కడ జరిగిందని అడుగుతాను. అందుకే నా దగ్గరికి ఎక్కువమంది రారు.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు, ఊత్తుకోటలో టిఫిను అయ్యాక రెండు వ్యాన్లూ బయలుదేరాయి. ఏర్పాటు ప్రకారం పిన్ని మామ వ్యాను ఎక్కిందని మావాళ్ళు అనుకున్నారు. చిన్నా ఆవిడ కొంగు వదలకపోవడం చూసి, ఈసారికి మాతోనే ఉండిపోయిందని మామవాళ్ళు అనుకున్నారు. ఆ సమయానికి పిన్ని హోటలు వెనక కుళాయి కింద చిన్నా వాంతి చేసుకున్న చొక్కా ఉతుకుతోంది.

నాగలాపురం దాటాక మామ వ్యాను మమ్మల్ని దాటిపోయింది. కిటికీల నిండా పిల్లలు. అందరూ ఉత్తినే ఏడుస్తున్నారు, ఒక్కరి నోటి ముందూ మైకు లేదు. సీటు కింది పేపరు తీసి చుట్టాను.

"వార్తలు. రమణి పిన్ని ఈ బండిలో లేదు. ఆ బండిలో కూడా లేదు."

అందరూ నవ్వారు. "పిన్ని గొంతే వచ్చింది పా దీనికి!" అన్నాడు నాన్న. నేను మళ్ళీ చదివాను, ఈసారి గట్టిగా. ఇంకా గట్టిగా నవ్వారు. నవ్వించేవాళ్ళకు నిజం చెప్పాల్సివస్తే ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. చివరికి అమ్మ, ఒట్టి ఒంటితో కూర్చున్న చిన్నాను చూసి, "రేయ్, చొక్కా ఏదిరా?" అంది.

"పిన్ని ఉతికేదానికి ఎత్తుకపోయింది," అన్నాడు వాడు.

నవ్వులు ఆగిపోయాయి. హారన్ మోగించి మామ వ్యానును ఆపి, రెండు బండ్లూ వెనక్కి తిప్పారు. ఫోన్లు లేని రోజులు. మామ భార్య, మా అత్త, మా బండిలోకి మారింది; దారంతా అమ్మా ఆవిడా ఏడ్చారు. వాళ్ళను వార్తలు చదవమనే ధైర్యం నాకు లేకపోయింది.

పిన్ని హోటలు ముందు బల్ల మీద కూర్చుని ఉంది. తడి చొక్కా మోకాళ్ళ మీద ఆరేసుకుంది. అమ్మ పరుగెత్తి పట్టుకుంది. "పిల్లకాయలు ఒకటే ఏడుపు రమణీ! నువ్వు లేకుంటే ఎట్లే మాకు?"

పిన్ని నా చేతిలోని పేపరు తీసుకుని నా నోటి ముందు పెట్టింది. గొంతు మాత్రం వార్తల గొంతు కాదు.

"నువ్వు చెప్పవే. పిల్లకాయలు ఏడుస్తా ఉండారని వచ్చినారా, నేను లేనని వచ్చినారా?"

అందరూ నావైపే చూస్తున్నారు. వార్తల్లో అబద్ధం చెప్పకూడదు.

"చొక్కా కోసరం వచ్చినాము," అన్నాను.

అత్త నా నెత్తిన ఒకటి మొట్టింది. పిన్ని నవ్వింది. నవ్వి నవ్వి ఆ చొక్కాతోనే కళ్ళు తుడుచుకుంది. ఆ తడిలో నవ్వు ఎంతో, నవ్వు కానిది ఎంతో నాకు తెలియదు. తర్వాత మా వ్యాను ఎక్కి, నాన్న కూర్చునే కిటికీ సీటులో కూర్చుంది.

"తిరుపతి దాకా నేను బయట చూస్తా. వార్తలు నువ్వు చదువు."

నాన్న వెనక సీటుకు పోయాడు. అంతకు ముందు ఎన్నిసార్లు పోయినా, ఆ కొండలు అంత దగ్గరగా వస్తాయని ఆవిడకు తెలియదట. ఆ తర్వాత ఏ ఏడూ పంపకం జరగలేదు. కిటికీ పిన్నిది, మైకు నాది.

పిన్ని పోయి కొన్నేళ్ళయింది. మొన్న టిఫినుకు ఆగి మళ్ళీ ఎక్కాక, అక్క పిల్లల్ని లెక్కపెట్టి, "అందరూ ఉండారు, బండి తీయ్ పా," అంది. డ్రైవరు తాళం తిప్పాడు. నేను ఆగమన్నాను. నిమ్మకాయ గీరిన మనిషి ఎక్కలేదు. చూస్తే, చిన్నా భార్య సుధ కుళాయి దగ్గర పిల్లల నీళ్ళ సీసాలు కడుగుతోంది. ఆమె వచ్చేలోపు ఆమె కోసం నా కిటికీ సీటు ఖాళీ చేసి, వెనక్కి పిల్లల దగ్గరికి పోయి, పేపరు చుట్టాను.