దారేదండీ గారి జలపాతం

దారి తెలియనివాళ్లు దారి అడగడం లోకంలో ఉన్నదే. ఆయన మాత్రం బాగా తెలిసిన దారిని కూడా అడిగి మరీ నడిచే మనిషి. గుమ్మం దిగి కుడివైపు తిరిగితే నాలుగో కొట్టు మందుల షాపు. ఇరవై ఏడేళ్లుగా అది అక్కడే ఉంది, ఒక్కపూట కూడా ఎటూ పారిపోలేదు. అయినా ఆయన మూడో కొట్టు ముందు ఆగి, "బాబూ, మందుల షాపుకి ఎటు పోవాలి?" అని అడిగాకే నాలుగో కొట్టు మెట్లెక్కేవాడు. వీధి మొత్తం కలిసి ఆయనకి పెట్టిన పేరు దారేదండీ గారు.

అలాగని ఏమీ తెలియని మనిషా అంటే, సర్వే ఆఫీసులో ముప్పై నాలుగేళ్లు పటాలు గీసిన చెయ్యి అది. ఏ సందు ఎన్ని అడుగుల వెడల్పు, ఏ సందు చివర గోడ అడ్డమొస్తుంది, ఏ మలుపులో మురుగుకాలవ మూత ఉంది, అన్నీ నల్లసిరాతో, వెంట్రుకంత గీతలతో గీసిపెట్టాడు. ఊరు ఊరంతా ఆయన బల్ల మీద ఉండేది. అలాంటివాడు ఉద్యోగం చాలించిన రోజున, చేతిలో వీడ్కోలు బహుమతి పట్టుకుని, గేటు దగ్గర కాపలా మనిషిని "బస్టాండుకి ఎలా వెళ్లాలి నాయనా?" అని అడిగాడట. రోజూ అదే బస్టాండు నుంచి వచ్చే మనిషిని ఏమనాలో తెలియక, ఆ కాపలా మనిషి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి బస్సెక్కించి వచ్చాడు.

ఆయన్ని తిరగేస్తే ఆయన భార్య. కుట్టుమిషను మీద చొక్కాలు, గౌన్లు కుట్టి పేరు తెచ్చుకున్న మనిషి. పుట్టి బుద్ధెరిగాక ఎవర్నీ ఏదీ అడిగిన పాపాన పోలేదు. ఓసారి పెద్ద బట్టల దుకాణంలో గుండీలు ఏ అంతస్తులో దొరుకుతాయో అడగడం నామోషీ అనిపించి, మూడంతస్తులూ రెండేసి సార్లు ఎక్కి దిగి, చివరికి గుండీలు లేకుండానే తలెత్తుకుని ఇంటికొచ్చింది. ముప్పై ఏళ్లు మిషను తొక్కీ తొక్కీ మోకాళ్లు రెండూ అరగదీసుకుంది. ఆ మాట కూడా డాక్టరు చెప్పాడే గానీ ఆవిడ ఒప్పుకోలేదు.

"వచ్చే నెల ఆపరేషను. ఈలోపు కొండలూ గుట్టలూ ఎక్కకండమ్మా" అన్నాడు డాక్టరు.

అప్పటిదాకా ఆవిడకి కొండల ధ్యాసే లేదు. డాక్టరు వద్దన్నాకే గుర్తొచ్చాయి. ఊరికి రెండు గంటల ప్రయాణంలో కొండ మీద ఒక జలపాతం ఉంది. దాని పేరు చెబితే పదిమందిలో తొమ్మిదిమంది "ఎక్కడా?" అంటారు. పెళ్లయిన కొత్తలో ఆయన ఆఫీసు పటంలో దాన్ని చూపించి తీసుకెళ్తానన్నాడు. ఆ తీసుకెళ్లడం ముప్పై ఎనిమిదేళ్లుగా రేపూ మాపూ అవుతూనే ఉంది.

ఆవిడ ఈ మాట ఎత్తగానే ఆడపడుచు పకపకా నవ్వింది. "మేడ మీద బట్టలు తేవడానికే మధ్యలో రెండుసార్లు కూలబడతావు వదినా, నీకు జలపాతం కావాలా?"

అంతే, ఆవిడకి పంతం పట్టుకుంది. "ఆపరేషను బల్ల ఎక్కేలోపు ఆ కొండ ఎక్కి తీరతాను. నా కాళ్ల మీద నేనే ఎక్కుతాను. మీరు చెయ్యందించారో ఊరుకోను. కాసేపు కూర్చోవే అన్నారో, అస్సలు ఊరుకోను" అని మొగుడికి ముందే చెప్పేసింది.

"నేనెందుకంటాను?" అన్నాడాయన. ఒక్క క్షణం ఆగి, "అవునూ, ఆ కొండకి దారెటంటావు?" అన్నాడు.

పొద్దున్నే స్వెటర్లు తొడుక్కుని, మఫ్లర్లు చుట్టుకుని బయల్దేరారు. నోరు తెరిస్తే పొగ వస్తున్న చలి. బస్సు దిగాక ఒకటే కాలిబాట. మేకపిల్ల కూడా తప్పిపోలేని బాట. అరగంట ఎక్కేసరికి ఒక టీ కొట్టు వచ్చింది. అప్పటికే ఆవిడ ఎడమ మోకాలు లోపల ఎవరో సుత్తి పెట్టి కొడుతున్నట్టుంది. పళ్లు బిగించి నడుస్తోంది. ఆయన ఠక్కున ఆగిపోయాడు.

"అమ్మా, జలపాతానికి దారేదమ్మా?"

"మొదలెట్టారా! ఉన్నదొకటే బాట కదండీ!" అంది ఆవిడ.

"ఒకటే ఉంటే మటుకు? ఇదే అని ఎవరు చెప్పారు మనకి?"

టీ కొట్టావిడ మహా ఓపికమంతురాలు. ముందు ఒక ముక్కాలిపీట జరిపింది. "చెప్తాను, కూర్చోండమ్మా. ముందు ఒక చెట్టొస్తుంది. తర్వాత ఇంకో చెట్టొస్తుంది..." అని కొండ మీద చెట్లన్నీ పేరుపేరునా చెప్పుకొచ్చింది. చెట్లు అయ్యేసరికి టీ అయింది. సుత్తి దెబ్బలూ తగ్గాయి.

ఇంకో అరగంట ఎక్కారు. మేకలు కాసే పెద్దాయన కనిపించాడు. ఆవిడ దణ్ణం పెట్టినంత పనిచేసింది. "ఏవండీ, మీకు పుణ్యముంటుంది, ఈయన్ని వదిలెయ్యండి!"

ఆయన వదలలేదు. "అన్నా, జలపాతానికి..."

"ఓ! ఇలాగే పైకి పోతే పైకి పోతారు" అని మొదలుపెట్టాడా పెద్దాయన. నున్నటి బండ మీద గోనెపట్టా పరిచి, "నిలబడి వింటే అర్థం కాదమ్మా ఈ దారి" అని ఆవిణ్ణి కూర్చోబెట్టాడు. పోయినేడు తప్పిపోయిన మేక ఎలా దొరికిందో కూడా దారిలో భాగంగానే చెప్పాడు. ఆవిడ తల కొట్టుకుంటూనే, చీర చెంగు చాటున మోకాలు నొక్కుకుంది. మూడింటికి తిరుగు బస్సు. ఈ మనిషి నోటికి తాళం వేయకపోతే జలపాతం కాదు కదా, చెమ్మ కూడా చూడలేమని ఆవిడకి గుబులు పట్టుకుంది.

చివరి మలుపులో నీళ్ల ట్యాంకు, దాని ముందు కాపలా మనిషి. వీళ్లని చూడగానే గబగబా గదిలోకి వెళ్లి కుర్చీ తెచ్చి వేశాడు. ఆయన ఇంకా నోరు తెరవనేలేదు.

"రండి సార్! చెప్పినట్టే కుర్చీ మీద దిండు కూడా వేశాను. అమ్మగారికి సరిపోతుందా?"

ఆయన ఆకాశంలోకి చూడసాగాడు.

"చెప్పినట్టే అంటే? ఎవరు చెప్పారు? ఎప్పుడు చెప్పారు?" అంది ఆవిడ.

కాపలా మనిషి నాలుక కరుచుకున్నాడు గానీ ఆవిడ చూపుకి తట్టుకోలేకపోయాడు. "పోయిన ఆదివారం సారొచ్చారమ్మా. టేపు పెట్టి దారంతా కొలిచారు. అరగంటకోచోట మనిషిని చూసి మాట్లాడి పెట్టుకున్నారు."

పోయిన ఆదివారం! క్షవరానికని పొద్దున పోయి, చీకటి పడ్డాక, జుట్టు జుట్టులాగే ఉండగా ఇంటికొచ్చాడు. మంగలి షాపుకి దారి దొరకలేదన్నాడు. ఈయన గురించి తెలిసిన మనిషి కాబట్టి ఆవిడ నమ్మేసింది కూడా!

"అయితే మా ఆవిడ కుంటిదని కొండకొండంతా చాటింపు వేసి వచ్చారన్నమాట!" అంది ఆవిడ. ఇంత దూరం తన కాళ్ల మీద తానే వచ్చాననుకుంది. "ఇంక నేను ఒక్క అడుగు వెయ్యను. పదండి ఇంటికి!"

కాపలా మనిషే ముందుకొచ్చాడు. "అయ్యో, మీ మోకాళ్ల మాటే ఎత్తలేదమ్మా! తనకి మతిమరుపని చెప్పారు. దారి ఒకసారి చెబితే బుర్రకెక్కదు, పది నిమిషాలు తగ్గకుండా చెప్పండి, పాపం మా ఆవిడ నిలబడలేక విసుక్కుంటుంది, ఆవిడకి మాత్రం కుర్చీ వెయ్యండి అన్నారు. నాకెందుకో సారు తలకాయ మీదే జాలేసింది."

ఆవిడ మొగుడి వంక చూసింది. ఊళ్లో పిచ్చివాడు చాలనట్టు, కొండ మీద కూడా మూడు చోట్ల పిచ్చివాడు అనిపించుకుని వచ్చాడు! తిట్టడానికి నోరు తెరిచింది. ఒక్క తిట్టూ సమయానికి రాలేదు. ఆవిడ నోటికి అలా జరగడం అదే మొదలు.

దిండు మీద కూర్చుంది. పది నిమిషాలు కూర్చుంది. లేచి, "ఇంకెంత దూరం?" అంది.

ఆయన అలవాటుకొద్దీ కాపలా మనిషి వైపు తిరిగాడు.

"ఆయన్నెందుకు అడుగుతారు? కొలిచిన మహానుభావులు మీరేగా, మీరే చెప్పండి."

ఎవర్నీ అడక్కుండా దారి చెప్పడం ఆ మనిషికి కత్తి మీద సామే. "నాలుగువందల పన్నెండు అడుగులు" అన్నాడు నెమ్మదిగా. "చివర రెండు రాళ్లు కొంచెం ఎత్తు."

ఆ రెండు రాళ్లూ ఆవిడే ఎక్కింది. ఆయన వెనకాల చేతులు కట్టుకుని నిలబడ్డాడు, ఆ చేతులు ఎక్కడ ముందుకు వస్తాయోనని.

పైన నల్లటి బండ. బండ మీంచి బొటనవేలంత లావు నీళ్లు చడీచప్పుడు లేకుండా జారుతున్నాయి.

"ఇదా?" అంది ఆవిడ.

"ఇదే."

"మనింటి కుళాయి ఇంతకంటే నయం కదండీ!"

"వానాకాలంలో పెద్దదేనట. పోయిన ఆదివారం కూడా ఇంతే ఉంది."

"తెలిసి తెలిసి ఎందుకు తీసుకొచ్చారు మరి?"

"నువ్వు ఎక్కుతానన్నావు గానీ, చూస్తానన్నావా?" అన్నాడాయన అమాయకంగా.

ఆవిడ చన్నీళ్లలో చెయ్యి పెట్టి చటుక్కున వెనక్కి తీసుకుంది. తర్వాత నవ్వడం మొదలుపెట్టి, బండ పట్టుకుని, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. జలపాతం కంటే అవే ఎక్కువున్నాయి.

దిగేటప్పుడు కొట్టు ముందుకే టీ కొట్టావిడ ఎదురొచ్చింది. "చూశారా అమ్మా? అయ్యగారు పోయినవారం బొటనవేలంత ధారే ఉందన్నారు, నిజమేనా?"

"ఆయన మాట పట్టించుకుంటావేం తల్లీ!" అంది ఆవిడ. "ఏనుగు తొండమంత ధార! ఆ హోరుకి పక్కన మనిషి మాట వినిపిస్తే ఒట్టు. పాపం, మా ఆయనకి అడగడమే గానీ చూడడం ఎక్కడొచ్చు?"

ఆయన బస్సు వచ్చే వైపు చూసి, గొంతు సవరించుకుని, "అమ్మా, బస్సు ఎక్కడాగుతుందమ్మా?" అన్నాడు.

ఆవిడ ముక్కాలిపీట తనే లాక్కుని కూర్చుని, కాళ్లు చాపుకుంది. "చెప్పు తల్లీ" అంది టీ కొట్టావిడతో. "తొందరేం లేదు. చెట్లన్నీ చెప్పు."