రెడ్ ఆక్సైడ్

కొండ మీది దుర్గమ్మ సాక్షిగా చెబుతున్నాను, ఇందులో ప్రతి అక్షరం నిజం. ఇంతకుముందు నేను చెప్పినవాటి సంగతి వదిలెయ్యండి.

ఆటోనగర్‌లో నాది సీటు కవర్లు కుట్టే షెడ్డు. పక్క షెడ్డులో బస్సులకు రంగులు కొట్టే భాయ్. మధ్యలో రేకు గోడ. ఆయన దగ్గితే ఆ గోడకున్న మేకులు ఊడి నా ఒళ్లో పడేవి. అంతకుముందు ఏడాది టీబీకి ఆరు నెలలు మాత్రలు మింగాడు. తగ్గింది కూడా. దగ్గు మళ్లీ మొదలైతే రంగు పొగ వల్ల అనుకున్నాం. పెయింటరు ఉమ్మిన రంగు చూసి ఆ రోజు ఏ బస్సు కొట్టాడో చెప్పడం మా వీధిలో అందరికీ అలవాటే.

ఒక సాయంత్రం చేతిరుమాలు తెచ్చి చూపించాడు. ఎర్రగా ఉంది.

"అన్నా, ఇది రక్తమేమో?"

"నీ మొహం. పొద్దుట్నించీ కొట్టింది రెడ్ ఆక్సైడే కదా భాయ్! బస్సు కంటే ముందు నీకు పడింది కోటింగు. ఇక నీకు తుప్పు పట్టదులే."

ఇద్దరం నవ్వాం. ఆయన నవ్వు దగ్గులోకి దిగింది.

"అయినా రేపు ఆసుపత్రికి తోడు రా అన్నా. ఒక్కణ్నీ వెళ్లాలంటే భయంగా ఉంది."

మర్నాడు పొద్దున్నే స్కూటరు మీద తీసుకెళ్లాను. సర్కారు ఆసుపత్రిలో కళ్లె డబ్బా తీసుకున్న అమ్మాయి, టీ కొట్టు స్టవ్ అంతైనా లేని ఒక మెషీను చూపించింది.

"రెండు గంటలు కూర్చోండి. టీబీ ఉందో లేదో, పాత మందుకు లొంగుతుందో లేదో, రెండూ ఇదే చెప్పేస్తుందండీ. డబ్బులేం కట్టక్కర్లేదు."

లొంగదని చెప్పింది.

కొత్త మందులు పనిచేశాయి. కానీ అప్పటికే ఒక ఊపిరితిత్తి పాడైపోయింది. ఇప్పుడు భవానీపురంలో, ఇంట్లో కిటికీ పక్కనే కూర్చుంటున్నాడు. ఆదివారాలు వెళ్లి కబుర్లు చెబుతాను. నవ్వితే ఊపిరి అందదు. "భయ్యా, ఆయన్ని నవ్వించకండి" అంటుంది ఆయన భార్య.

ఒట్టు వేశాను కనుక చెప్పక తప్పదు. మేకుల సంగతి మీరు ఎలాగూ నమ్మి ఉండరు. అసలు అబద్ధం 'మర్నాడు'. మర్నాడు నేను వెళ్లలేదు. "ఈ బస్సు డెలివరీ కానీ భాయ్" అన్నాను. తర్వాత ఇంకో బస్సు వచ్చింది. మూడు నెలలకు ఆయన భార్యే ఆటోలో తీసుకెళ్లింది. ఆ రెండు గంటలూ ఆయన పక్కన కూర్చున్నది ఆవిడే. మెషీను ఎలా ఉంటుందో నాకు చెప్పిందీ ఆవిడే.

ఆయన ముందు కూడా నేను మర్నాడనే చెబుతాను. ఆయన వింటాడు. సరిదిద్దడు.