బస్సెక్కిన ఏనుగుపక్షి గుడ్డు: జనగామ నుంచి భూపాలపల్లి దాకా

భూపాలపల్లిలో చూపులేని ఆడపిల్లల వసతి గృహం ఒకటుంది. నా స్నేహితురాలు రమ అక్కడ పాఠాలు చెబుతుంది. మార్చిలో ఒకరోజు ఫోన్ చేసి, దీవుల్లో అంతరించిపోయిన జంతువుల గురించి పిల్లలకు చెప్పానంది. మంచుయుగం ముగిశాక కూడా వేల ఏళ్లపాటు క్యూబా అడవుల్లో బతికిన, నిదానంగా కదిలే పెద్ద స్లాతులనే జంతువులు, మారిషస్ డోడో, మడగాస్కర్‌లో మనిషిని మించి ఎదిగిన ఏనుగుపక్షి. మనుషులు ఆ దీవుల్లో అడుగుపెట్టాక ఒక్కొక్కటే కనుమరుగైపోయిన కథలన్నీ పిల్లలు కదలకుండా విన్నారట. చివర్లో పదో తరగతి చదివే భాగ్య, ఏనుగుపక్షి గుడ్డు ఎంత పెద్దగా ఉండేదని అడిగింది. రమ అలవాటుకొద్దీ రెండు చేతులూ ఎడంగా పట్టి "గింత" అంది. అన్నాక గుర్తొచ్చింది, ఆ గదిలో ఆ చేతుల్ని చూసేవాళ్లెవరూ లేరని. అది చెబుతూ ఫోన్లోనే ఏడ్చేసింది. నేను జనగామలో జీవశాస్త్రం టీచర్ని, పైగా నోరు ఆగని మనిషిని. "గుడ్డు నేను తెస్తా, నువ్వు ఊరుకో" అనేశాను.

అనడం తేలికే, చేయడంలోనే తల ప్రాణం తోకకొచ్చింది. పెద్ద బెలూన్ ఊది, దానిమీద పాత పేపర్లు చింతగింజల జిగురుతో పొరలు పొరలుగా అంటించి, అడుగు పొడవున్న గుడ్డు తయారుచేశాను. అసలు గుడ్డులో నూటయాభై కోడిగుడ్ల సొన పట్టేదంటారు. అయితే కాగితం నున్నగా ఉంటే పిల్లల వేళ్లకు పెంకు ఎలా తెలుస్తుంది? మహబూబాబాద్‌లో మా అక్క కర్రీ పాయింట్ నడుపుతుంది. కోడిగుడ్డు పెంకులు కడిగి దాచిపెట్టమని చెప్పాను. అందుకే హన్మకొండ మీదుగా నేరుగా పోయే దారి వదిలేసి మహబూబాబాద్ వైపు తిరిగాను. భాగ్య పరీక్షలు అయిపోయాయి. ఆదివారం పొద్దున వాళ్ల నాయిన వచ్చి ఊరికి తీసుకెళ్లిపోతాడు, ఇక తిరిగి రాదు. శనివారం సాయంత్రంలోగా గుడ్డు చేరకపోతే ఈ పనంతా దేనికి?

జనగామ బస్టాండులో శనివారం పొద్దున్నే ఆరింటికి పల్లెవెలుగు బస్సు ఎక్కాను. దేవరుప్పుల, కొడకండ్ల, తొర్రూరు మీదుగా మహబూబాబాద్‌కు రెండున్నర గంటలు పడుతుంది. ఆడవాళ్లకు టికెట్ ఎలాగూ సున్నా. కండక్టర్ నా ఆధార్ కార్డు చూసి జీరో టికెట్ కొట్టి, ఒళ్లోని గుడ్డువైపు చాలాసేపు చూశాడు.

"గిది ఆడదో మగదో ఎట్ల తెలువాలె మేడం? మగదైతె టికెట్ కొట్టాలె గద" అన్నాడు, మొహంలో నవ్వు లేకుండా.

బస్సంతా ఘొల్లుమంది. నేనూ నవ్వాను. ఆ నవ్వు మొహంమీద ఉండగానే కొడకండ్ల దాటాక ఒక స్పీడ్ బ్రేకర్ దగ్గర బస్సు ఎగిరిపడింది. గుడ్డు జారి ముందు సీటు కడ్డీకి కొట్టుకుంది. చూస్తే బెత్తెడు పొడవున చీలిక. పక్కన ఒక లంబాడి అవ్వ కూర్చుంది. అప్పటిదాకా కూతురితో తమ భాషలో ఫోన్ మాట్లాడుతున్న ఆమె, ఫోన్ పెట్టేసి గుడ్డును తన ఒళ్లోకి తీసుకుంది. నెత్తిమీద బిందె పెట్టుకునేటప్పుడు వాడే పాతగుడ్డ సంచిలోంచి తీసి, గుండ్రంగా చుట్టి, దానిమీద గుడ్డును కుదురుగా నిలబెట్టింది. తర్వాత బస్సు ఎంత ఊగినా అది కదల్లేదు.

ఏం పిట్టదని అడిగింది. ఎక్కడో సముద్రం నడుమ పెద్ద దీవిలో ఉండేదని, ఎగరలేదని, మనుషులొచ్చి వేటాడి, గుడ్లు ఎత్తుకుపోయి, అడవి తగలబెడితే మిగలకుండా పోయిందని చెప్పాను. అవ్వ గుడ్డును ఒకసారి నిమిరింది.

"మాకు కరువొస్తె పుణె పోయి బతికినం బిడ్డా. అది ఏడికి పోవాలె? చుట్టు నీళ్లేనాయె."

నేను ఇన్నేళ్లుగా ఈ పాఠం చెబుతున్నాను, ఆ పక్షి మీద నాకు జాలి కలిగింది మాత్రం అప్పుడే. నెల్లికుదురులో అవ్వ దిగిపోతుంటే గుడ్డ తిరిగి ఇవ్వబోయాను. దానికి గూడు లేకపాయె, ఉండనీ అని చెయ్యి ఊపి వెళ్లిపోయింది. పేరైనా అడగలేదు నేను.

మహబూబాబాద్ చేరేసరికి అక్క పప్పు దించి వంకాయకూర ఎక్కిస్తోంది. చీలిక చూసి, గింతదానికే మొహం అట్ల పెట్టుకుంటవా అని కసిరింది. మైదాపిండి ఉడికించి జిగురు చేసి, పాత నూలుచీర అంచు చింపి చీలికమీద అతికించింది. ఇద్దరం కూర్చుని దంచిన పెంకులు గుడ్డంతా అద్దాం. ఏప్రిల్ ఎండను ఎప్పుడూ తిట్టుకునేదాన్ని, ఆరోజు మాత్రం దండం పెట్టాను. డాబామీద పెడితే పన్నెండింటికల్లా గట్టిగా ఆరిపోయింది. అక్క ఆ పూట సగం గిరాకీ వదులుకుని నా వెంట బస్టాండు దాకా వచ్చింది, దారిలో తినమని టిఫిన్ డబ్బా కూడా ఇచ్చి.

అక్కడినుంచి నర్సంపేటలో ఒకసారి, ములుగులో ఒకసారి బస్సు మారి భూపాలపల్లిలో దిగేసరికి నాలుగున్నర. బస్టాండు నుంచి వసతి గృహానికి ఆటోకు యాభై రూపాయలు. బొగ్గు లారీలు తిరిగే రోడ్డు, గుంతలు ఎక్కువ. సంగతి తెలిశాక ఆటో అన్న నడకంత నిదానంగా పోనిచ్చాడు. దిగాక డబ్బులు తీసుకుని, తనూ ఒకసారి పట్టుకోవచ్చా అని అడిగి, గుడ్డును రెండు చేతుల్లోకి తీసుకుని మరీ వెళ్లాడు.

పిల్లలు వరండాలో చాపమీద కూర్చుని ఉన్నారు. రమ గుడ్డును ముందుగా భాగ్య ఒళ్లో పెట్టింది. ఆ పిల్ల తొందరపడలేదు. మోచేయి ఆనించి పొడవు కొలుచుకుంది, చెవి పెట్టి తట్టింది, పెంకుల గరుకును అరచేత్తో నిమిరింది. వేళ్లు అతుకు దగ్గర ఆగాయి. బస్సులో జరిగింది చెప్పాను. కండక్టర్ మాటకు పిల్లలు పడీపడీ నవ్వారు. నవ్వులు తగ్గాక భాగ్య నావైపు తిరిగింది.

"మేడం, గీ పిట్టను మీరు చూసిండ్రా?"

లేదమ్మా అన్నాను. ఫొటో కూడా లేదు, ఎముకలు, గుడ్డు పెంకులే దొరికాయి అన్నాను.

"రమ మేడం గూడ చూడలేదా?"

"చూడలె బిడ్డా" అంది రమ.

భాగ్య గుడ్డును పక్క పిల్ల ఒళ్లోకి జాగ్రత్తగా జరిపింది. "అయితె దీని కాడ అందరం ఒక్కటే" అంది.

రమ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

తిరుగు ప్రయాణంలో ఒళ్లో ఏమీ లేదు, మనసు మాత్రం నిండుగా ఉంది. ఒక కాగితపు గుడ్డును ఇంతమంది ఇంత పదిలంగా కాపాడారు. ముక్కు మొహం తెలియని అవ్వ, మా అక్క, ఆటో అన్న, వాళ్లలో ఏ ఒక్కరు లేకపోయినా నేను ఆ వరండాకు చేరేదాన్ని కాదు. ఆ పక్షికి ఇలాంటి చేతులు కొన్నయినా దొరికుంటే బాగుండేదనిపించింది. అందరికీ పేరుపేరునా దండం పెట్టాలని ఉంది, అవ్వ పేరు, ఆటో అన్న పేరే తెలియవు. మీరూ ఇలాంటి పిల్లల దగ్గరికి వెళ్లేట్టయితే ఒక్క సలహా: విలువైనదేదో అద్దాల పెట్టెలో పెట్టి తీసుకెళ్లకండి. పగిలితే మళ్లీ అతికించుకోగలిగేదాన్ని తీసుకెళ్లండి, అప్పుడే వాళ్ల చేతుల్లో ధైర్యంగా పెట్టగలరు.