గోడతో నేర్చుకున్న ఆట

ఆ రోజుల్లో పెనుకొండలో షటిల్ ఆడేవాళ్లు లేరని అనలేను. ఒకడున్నాడు, నేను. తొంభైల మొదట్లో మా బావ హిందూపురం నుంచి వస్తూ ఒక బ్యాటు తెచ్చిచ్చాడు. (ఈ ఆటకు రెండు కావాలని ఆయనకు తట్టలేదు. తీసుకున్న నాకూ తట్టలేదు.) ఈడువాళ్లంతా క్రికెట్‌కు పోతే, నేను ఇంటి వెనకున్న చెనక్కాయల గోడౌను గోడతో ఆడేవాణ్ని. గోడ అలసిపోదు, రేపొస్తానని ఎగ్గొట్టదు, కొట్టినదల్లా తిరిగి పంపుతుంది. షటిల్ కింద పడకుండా మూడు వందలు దాటిన రోజున ఆ సంగతి చెప్పుకోవడానికి అవ్వ తప్ప ఎవరూ లేరు. బియ్యం ఏరుకుంటూ ఆమె అడిగింది: "ఆ గోడ నిన్నేం చేసిందప్పా?"

అలా నాలుగేళ్లు సాధన చేసి, పందొమ్మిదో ఏట ధర్మవరంలో జిల్లా జట్టు ఎంపికకు పోయాను. ఒక్క మ్యాచ్ గెలిస్తే జట్టులో చోటు; ఆపైన రోజూ హిందూపురంలో మిగతావాళ్లతో కలిసి ఆట. నిజానికి నాకు కావలసింది జట్టు కాదు, ఆ మిగతావాళ్లు.

నాకు ఎదురుపడింది పట్టుచీరల అంగడిలో పనిచేసే ఒక సన్నటి మనిషి. నెట్టుకు అవతల నిలబడి నన్ను చూసి నవ్వాడు. గోడ ఎన్నడూ నవ్వలేదు. నా ఆట అక్కడే చెడింది. అతను కొట్టిన షటిల్‌ను అందుకుని, అలవాటు కొద్దీ సరిగ్గా అతని బ్యాటు మీదికే పంపాను. మళ్లీ కొట్టాడు, మళ్లీ పంపాను. అతను ఎక్కడుంటే అక్కడికే. (అప్పట్లో సర్వీసు చేసినవాడికే పాయింటు. ఒక్క గేము ముగిసేసరికి అంపైరుగా ఉన్న డ్రిల్లు మాస్టారు తన కుర్చీని రెండుసార్లు నీడలోకి జరుపుకున్నాడు.) ఆ గేము పోయింది. విరామంలో అతను చెమట తుడుచుకుంటూ నా దగ్గరికొచ్చాడు.

"ఏమబ్బా, నువ్వు ఆడతాండావా, నన్ను ఆడిస్తాండావా? ఆ పక్క అంత జాగా ఉండాది, కనపడలేదా?"

"ఆ పక్క ఎవరూ లేరు కదన్నా," అన్నాను.

అతను తుడుచుకున్న గుడ్డను భుజాన వేసుకున్నాడు. ఈసారి నవ్వలేదు. "గెలవల్లంటే ఎవరూ లేని తావుకే కొట్టల్లప్పా."

సంగతి అర్థమైంది కానీ చెయ్యి రాలేదు. అక్కడికి కొడితే షటిల్ తిరిగి రాదు కదా. రెండో గేమూ ఓడి, పెనుకొండ బస్సెక్కాను.

మరుసటి ఏడు ఖాళీ జాగాలోకి కొట్టి గెలిచాను. జట్టులో ఆడాను, తరవాత హిందూపురంలో కోచ్‌నయ్యాను, చివరికి జిల్లా షటిల్ సంఘానికి కార్యదర్శినీ అయ్యాను. ఇన్నేళ్లూ గొంతు పోయేలా పిల్లలకు చెప్పింది ఒకటే: మనిషి లేని చోటికి కొట్టండి. వాళ్లు బాగా నేర్చుకున్నారు, గెలిచారు, తలా ఒక ఊరికి వెళ్లిపోయారు.

ఇప్పుడు నా దగ్గర ఆరు బ్యాట్లున్నాయి, సంఘం హాలు తాళంచెవి ఉంది. ఆదివారాలు పొద్దున్నే (ఇంట్లో సంఘం పని అని చెప్పి) వెళ్లి హాలు గోడ ముందు నిలబడతాను. మొన్న నలభై ఒకటి దగ్గర షటిల్ కింద పడింది. ఈ వయసుకు అది తక్కువేమీ కాదు. చెప్పుకుందామని వెనక్కి తిరిగి, అవ్వ ఇప్పుడు లేదు కదా అని గుర్తొచ్చి, నాలో నేనే నవ్వుకుని షటిల్ ఏరుకున్నాను.