సోమక్క కొప్పులో పది ఊళ్ళు

ఊరి సంగతులు తెలియాలంటే పూసల సోమక్క ఎవరినీ అడగక్కర్లేదు, చూరులో చెయ్యి పెడితే చాలు. తల దువ్వుకున్నాక దువ్వెనకు చిక్కిన వెంట్రుకలను ఆడవాళ్ళు ఉండ చుట్టి ఇంటి చూరులో దాస్తారు. నెలకో రెణ్ణెల్లకో సోమక్క గంప నెత్తిన పెట్టుకుని వచ్చి ఆ ఉండలు అమ్ముకోవడానికి తీసుకుంటుంది. బదులుగా పిన్నీసులో, సూదులో, పూసల దండో ఇస్తుంది. ఉండ పెద్దదైతే స్టీలు గిన్నె. కొడకండ్ల చుట్టుపక్కల పాతికేళ్ళుగా ఆమె బతుకు ఇదే.

ఎవరి జుట్టు రాలితే ఆమెకు అన్నం. అయినా ఆ నోరు ఊరుకుంటేనా! ఉండను అరచేతిలో నలిపి చూసి, "ఏందే, ఎంటిక గింత పీలగైంది? కూడు తింటున్నవా, గాలి తింటున్నవా?" అని మొదలుపెడుతుంది. నువ్వులు తినమంటుంది, పల్లీలు బెల్లం తినమంటుంది, పప్పులో ఇంత మునగాకు వేసుకోమంటుంది. జడ బిగించి కట్టే పిల్లలనైతే నిలబెట్టి చీవాట్లు పెడుతుంది. "కూసున్న కొమ్మనే నరుక్కుంటున్నవ్" అని తోటి పూసలవాళ్ళు తిట్టేవారు. అది నిజమే గానీ, ఆమెకు చెప్పకపోతే కడుపు ఉబ్బేది.

జుట్టు రాలితే జనం సబ్బునంటారు, బోరు నీళ్ళనంటారు, ఎదురింటావిడ కళ్ళనంటారు. సోమక్క మాత్రం ఒకటే అడుగుతుంది, మూడు నెలల కింద ఏమైందని. జ్వరమో, కాన్పో, పస్తులో, ఏదో ఒకటి బయటపడేది. "ఇయ్యాల రాలిన ఎంటిక పాత ముచ్చట చెప్తది" అనేది ఆమె.

ఇంతకీ సోమక్క కొప్పు చూసి అసూయపడని ఆడది లేదు. యాభై దాటినా, నెత్తిన కప్పుకున్న కొంగు వెనక బోర్లించిన గిన్నెంత కొప్పు. ఏం రాస్తావని అడిగితే నవ్వి మాట తప్పించేది. ఆ కొప్పు విప్పగా చూసినవాళ్ళు ఎవరూ లేరు.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైన రోజులవి. బస్సులు ఆగాయి, బడులు మూశారు, భూపాలపల్లి బొగ్గు బాయిలు కూడా బందయ్యాయి. సోమక్కకు బంద్ ఎక్కడిది, కాళ్ళే ఆమె బస్సు. నడుచుకుంటూ తండాకు పోయి మంగ్యా ఇంటి ముందు గంప దించింది.

మంగ్యా కోడలు సోని చూరులోంచి ఉండ తీసింది. మామూలుగా ఆ ఇంట్లో నిమ్మకాయంత ఉండ వచ్చేది. ఈసారి రెండు చేతులూ పట్టాల్సి వచ్చింది. దాంతోపాటు ఎర్ర గోలీల అట్ట ఒకటి జారి కిందపడింది. నర్సమ్మ ఇచ్చిన రక్తం గోలీలు. ఒక్కటి కూడా విప్పలేదు.

"మూడు నెలల కింద ఏమైంది బిడ్డా?"

"పిలగాడు పుట్టిండు" అంది సోని.

"గట్లనా. కాన్పైనంక అందరికీ జర రాల్తది, మల్ల వస్తది. గని గిది ఎక్కువుంది. ఏం తింటున్నవ్?"

సోని అత్త రామి వైపు చూసింది. జవాబు రామే చెప్పింది. "బాలింత గద. అన్నం, ఎల్లిపాయ కారం పెడుతున్న. పప్పు పెడితే పిలగానికి వాతం, కూరాకు పెడితే పారుడు. గా గోలీలు మింగితే పాలు నల్లగైతయట."

రామి చెడ్డది కాదు. తన అత్త తనకేం పెట్టిందో అదే కోడలికి పెడుతోంది. లంబాడి పెద్దల పద్ధతిలో చెంపల పక్కన జుట్టుకు వెండి టోప్లీలు కట్టుకుంటుంది. నలభై ఏళ్ళుగా ఆ బరువు లాగి లాగి చెంపల దగ్గర ఆమెకు జుట్టే లేకుండా పోయింది.

"దిష్టి తగిలింది సోమక్కా" అంది రామి. "నున్నగ గుండు కొట్టిస్తే ఒత్తుగ మొలుస్తది. జడ నీకే ఇస్త. నాకు ఇత్తడి బిందె కావాలె."

సోని జడ మోకాళ్ళ దాకా ఉంటుంది. తండాలో ఆమెను పేరుతో కంటే జడతోనే గుర్తుపడతారు. సోమక్క ఆ జడ వైపు చూసింది. అలాంటిది ఒక్కటి దొరికితే ఆరు నెలలు ఊళ్ళు తిరగక్కర్లేదు. పాతికేళ్ళలో మొదటిసారి ఆమె నోరు దానంతటదే మూతపడింది.

తండా దాటేదాకా సోని వెంట వచ్చింది. "గుండుతోని నేను పిలగాన్ని ఎత్తుకొని బయటికి రాను సోమక్కా. నలుగురిల తలకాయ ఎత్తలేను. నువ్వన్న చెప్పరాదు."

"చూద్దాం తియ్" అని సోమక్క గబగబా నడిచింది. ఇంటికెళ్ళి చింతపండు పెట్టి ఇత్తడి బిందె తోమింది. బిందె మెరిసింది గానీ ఆ పూట ముద్ద దిగలేదు.

మర్నాడే అయిపోవాల్సిన పని, సమ్మె వల్ల ఆగింది. క్షవరం చేసే వీరస్వామి దుకాణం మూసి, సమ్మె తేలేదాకా కత్తి పట్టనని రామితో ఖరాఖండిగా చెప్పాడు. రాష్ట్రమంతా తెలంగాణ తొందరగా రావాలని మొక్కుతుంటే, సమ్మె ఇంకో నెల సాగాలని మొక్కింది సోని ఒక్కతే.

ఆ మొక్కు పదిహేను రోజులే ఫలించింది. కొడకండ్ల చౌరస్తాలో వంటావార్పు పెట్టారు. రోడ్డు మీదే పొయ్యిలు వెలిగించి, వండుకుని, అక్కడే కూర్చుని తినడం. ఇక బండ్లెట్లా పోతాయి? ఊళ్ళన్నీ కదిలొచ్చాయి. ఒక పొయ్యి మీద పప్పు, ఒకదాని మీద తోటకూర, ఇంకోదాని మీద గుడ్ల పులుసు. ఒకాయన మైకు పట్టుకుని, కాలువ నీళ్ళు పైనే ఆగి చివరి మడి ఎండిపోతోందని చెబుతుంటే రామి అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది.

క్షవరాల వాళ్ళు కూడా తమ నిరసన చూపాలి కదా. నడిరోడ్డు మీద కుర్చీ వేసి గుండ్లు కొట్టడం మొదలుపెట్టారు. వీరస్వామి చేతిలో కత్తి చూడగానే రామి లేచింది. సోని రెక్క పట్టుకుని తెచ్చి కుర్చీలో కూలేసింది.

వీరస్వామి తెల్లబోయాడు. "ఏందవ్వా, నిరసనకేనా?"

"ఆఁ, నిరసనకే. కొట్టు."

సోని ఏడవలేదు. జడను ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులా పట్టుకుంది. గుంపులో నిలబడ్డ సోమక్కకు ఆ చేతులు కనిపించాయి. ఆమె గంపలోనే బిందె ఉంది. ఇంకో నిమిషం ఊరుకుంటే జడ ఆమెదే.

"ఆగు వీరస్వామీ" అని అరిచింది సోమక్క. గంప దించి వచ్చి కుర్చీకి అడ్డం నిలబడింది. "రామవ్వా, ఇప్పుడు నువ్వు చప్పట్లు కొట్టింది దేనికి?"

"నీళ్ళకు."

"చివరి మడికి నీళ్ళు రాక ఎండుతున్నది. మరి గా మడిని గొర్రుతోని గీకితే పంట వస్తదా, నీళ్ళు పెడితే వస్తదా?"

"నీళ్ళు పెడితేనే."

"మనిషికి ఎంటిక గసొంటి చివరి మడే. తిన్నది ముందు పాణానికి, తర్వాత పాలకు. మిగిలితేనే నెత్తికి. నువ్వు పిల్లకు ఎల్లిపాయ కారం పెట్టవడితివి. ఇగ నెత్తి దాక ఏం పోతది?"

జనం నవ్వారు. రామికి రోషం వచ్చింది. "ఇంటింటికి తిరిగి ముచ్చట్లు చెప్పుడు నీకు అలవాటే. గంత పెద్ద కొప్పు పెట్టుకొని ఎన్నన్న చెప్తవ్."

సోమక్క మొహం మాడిపోయింది. పక్కనున్న ఆడవాళ్ళంతా ఆ కొప్పు వైపే చూశారు. ఆమె మెల్లగా కొంగు జార్చి, చెయ్యి వెనక్కి పెట్టి పిన్నులు తీసింది. కొప్పు మొత్తంగా ఊడి చేతిలోకి వచ్చింది. తల మీద మిగిలింది పిలకకైనా చాలని నాలుగు వెంట్రుకలు.

"గిది సవరం" అంది సోమక్క. "పద్దెనిమిదేండ్లప్పుడు నాకు టైఫాయిడ్ వచ్చింది. మా అత్త సుత నీ తీర్గనే గుండు కొట్టిచ్చింది, గంజినీళ్ళ మీద ఉంచింది. ఒత్తుగ మొలుస్తదన్నది. ముప్పై ఐదేండ్లాయె, ఇంకా చూస్తున్న. గీ కొప్పుల పది ఊర్ల ఎంటికలున్నయి రామవ్వా, నాది ఒక్కటి లేదు."

రామి చెయ్యి తనకు తెలియకుండానే తన బోసి చెంప మీదికి పోయింది. తర్వాత పొయ్యి దగ్గరికి వెళ్ళి విస్తరి నిండా అన్నం, పప్పు, తోటకూర, రెండు గుడ్లు పెట్టించుకుని వచ్చి కోడలి చేతికిచ్చింది.

"పిలగానికి వాతం జేస్తే నిన్నే అడుగుత" అంది సోమక్కతో.

"అడుగు. రేపు దవాఖానల దీనికి రక్తం సుత చూపియ్యి. గోలీలు మింగనియ్."

"కత్తి తడిపినంక ఒక్క గుండన్న కొట్టాలె, ఊకె పెట్టొద్దు" అని వీరస్వామి గొణిగాడు. రామి మొగుడు మంగ్యా నిట్టూర్చి కుర్చీలో కూర్చున్నాడు. ఆ రోజు తండా నుంచి అయిన గుండు అదొక్కటే.

ఆ తర్వాత కొన్నాళ్ళు సోమక్క ఆ దారి పట్టలేదు. సవరం గుట్టు రట్టయిన సిగ్గు. ఎండలు ముదిరాక, ఇంట్లో గింజలు అడుగంటాక తప్పలేదు. సోని గడపలో కూర్చుని పప్పన్నం తింటోంది. నుదుటి మీద పొట్టి పొట్టి కొత్త వెంట్రుకలు నూనెకు కూడా లొంగకుండా నిక్కి నిలబడ్డాయి. సోమక్క వాటిని చూసి, ఎవరికీ కనపడకుండా కళ్ళు తుడుచుకుంది.

సోని చూరులోంచి ఉండ తీసింది. రేగుపండంత ఉంది.

"గిదేం బేరమే" అంది సోమక్క. "గీనికి పిన్నీసు సుత రాదు."

"నాకేం వద్దు. గిది నువ్వు అమ్మొద్దు" అంది సోని. "నీ కొప్పుల పది ఊర్లున్నయి గని మా తండ లేకపాయె. గిది అండ్ల పెట్టుకో."

సోమక్క అక్కడే, గడప ముందు, పట్టపగలు కొప్పు విప్పింది.